కత్తా, కిరణాలా

"చదువు," అన్నాడు ఫర్జానీ.

"మూడుసార్లు చదివాను నాన్నా."

"నాలుగోసారి చదువు. తారీఖు దగ్గర్నుంచి."

నాసర్ చేతిలో కాగితం ఫ్రెంచిలో ఉంది. సముద్రం అవతల స్ఫాక్స్ పట్నం బళ్ళో పిల్లలకి ఫ్రెంచి చెప్పే పంతులు కనక దాన్ని మన మాటల్లోకి మార్చడం కష్టమేం కాదు. మూడున్నర నెలలుగా ఆ పని చెయ్యకపోవడమే ఇప్పుడు మెడకి చుట్టుకుంది.

"జులై మూడు. రోగి వయసు అరవై నాలుగు. ప్రోస్టేటు గ్రంథిలోంచి తీసిన ముక్కలు పన్నెండు. అందులో తొమ్మిదింట్లో క్యాన్సర్ ఉంది. రకం..."

"ఊఁ, రకం?"

"తొందరగా పాకే రకం."

"ఇవాళేం తారీఖు?"

"అక్టోబరు పంతొమ్మిది."

"నువ్వు లెక్కల మేష్టరువి కాకపోయినా ఇది కట్టగలవనుకుంటాను."

నాసర్ లెక్క కట్టలేదు. తల్లి మబ్రూక పెట్టిన బార్లీ రవ్వ కుస్‌కుస్ పళ్ళెంలో చల్లారిపోయి గట్టిపడింది. నిన్న మధ్యాహ్నం నుంచి ఫర్జానీ ఇంట్లో ఏదీ ముట్టుకోలేదు.

కెర్కెన్నా దీవిలో రహస్యమంటే అందరికీ తెలిసి ఒక్కడికి తెలియనిది. ఆ జబ్బు పేరు మావాళ్ళు పలకరు, "అది" అంటారు. "అది" వచ్చినవాడికి మాత్రం చెప్పరు. ఇంటిల్లిపాదీ కలిసి దాస్తారు, డాక్టరు చేత కూడా దాపిస్తారు. దాచడమే ప్రేమ అనుకుంటాం, అంతకంటే మంచి మార్గం మాకెవరూ చూపించలేదు. ఫర్జానీ విషయం కూడా అలాగే సాగిపోయేది, ఖమీస్‌కి మంచిబుద్ధి పుట్టకపోయి ఉంటే.

ఖమీస్ సముద్రంలో ఫర్జానీకి పొరుగువాడు. మా దగ్గర లోతు లేని సముద్రాన్ని కూడా పొలాల్లాగే తాతల నుంచి పంచుకుంటారు. ఎవరి వాటాలో వాళ్ళు ఖర్జూర మట్టలు పాతి కంచె కడతారు, పోటు తీసేటప్పుడు చేప ఆ కంచె వెంబడే వచ్చి బుట్టలో పడుతుంది. ఆ కంచె మూడు బారలు ఇటు ఉండాలా అటు ఉండాలా అని ఇరవై రెండేళ్ళుగా ఖమీస్‌కీ ఫర్జానీకీ పలకరింపుల్లేవు. అలాంటి మనిషి శనివారం మధ్యాహ్నం ఎండబెట్టిన ఆక్టోపస్‌లు రెండు చేత్తో పట్టుకుని గుమ్మంలోకొచ్చాడు. ఫర్జానీ నుదురు ముద్దుపెట్టుకుని, పేరు ముందు "సీ" అని గౌరవం చేర్చి పిలిచాడు.

"సీ ఫర్జానీ, ఎప్పుడైనా మాట తూలి ఉంటే మన్నించు. కంచె నీకు నచ్చినచోట పాతుకో. మన్నించానని నోటితో అను, చాలు."

మావాళ్ళు మన్నింపు ఎవరిని అడుగుతారంటే, హజ్‌కి వెళ్ళేవాణ్ణి, లేకపోతే మరి తిరిగి రాని దారిన వెళ్ళేవాణ్ణి. ఫర్జానీ హజ్‌కి పేరు ఇవ్వలేదు.

"ఖమీస్ మూడు బారల సముద్రం వదులుకున్నాడంటే నేను చస్తున్నానన్నమాట," అన్నాడు ఆ సాయంత్రం కొడుకుతో. "ఆ కాగితం తీసుకురా."

ఇప్పుడు ఆ కాగితం మడతపెట్టి నాసర్ చాప మీద ఉంచాడు.

"చెప్పకూడదనే కాదు నాన్నా. ఆపరేషన్ చేయించుకోమని నేను ఎన్నిసార్లు అడగలేదు?"

"వాపు అన్నావు. వాపుకి పొట్ట కోయించుకునేవాడెవడైనా ఉంటాడా? చలికాలం పోనీ, ఆక్టోపస్ పట్టే రోజులు అయిపోనీ అన్నాను. పాము అని చెప్పి ఉంటే ఎగిరి దూకేవాణ్ణి. నువ్వు తాడు అన్నావు, నేను దాని పక్కనే పడుకున్నాను."

గోడకి ఆనుకుని నిలబడ్డ కూతురు జలీల కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమెది అదే దీవి, పై వీధిలో అత్తిల్లు.

"నువ్వు ఏడవకు," అన్నాడు ఫర్జానీ. "నీకెప్పుడు తెలిసింది?"

"ఆగస్టులో."

"బాగుంది. ఖమీస్‌కి?"

"మా అత్తగారు..." అని జలీల ఆగిపోయింది. మిగతాది చెప్పక్కర్లేదు. ఆ అత్తగారికి ఒక మాట తెలిస్తే రేవులో ఓడలకి కూడా తెలుస్తుంది.

"మరి మీ అమ్మకి?"

మబ్రూక పళ్ళెం తీసుకుంటూ వంగి ఉంది.

"అమ్మకేం తెలీదు," అన్నాడు నాసర్. "అంతా నేనే. నా నిర్ణయమే."

మబ్రూక పళ్ళెం పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

*

సోమవారం పొద్దున్న స్ఫాక్స్‌లో డాక్టరు గదిలో ఫర్జానీ, నాసర్, జలీల ముగ్గురూ కూర్చున్నారు. నాసర్ వెనక కుర్చీలో కూర్చున్నాడు, ఎందుకంటే తన పక్క కుర్చీ మీద ఫర్జానీ టోపీ పెట్టాడు.

డాక్టరు నాసర్ కంటే రెండేళ్ళు పెద్దవాడుంటాడు. ముందుగా తన తప్పు తానే చెప్పుకున్నాడు. "జులైలో మీ అబ్బాయి వచ్చి, మీకు చెప్పొద్దు, తీసుకొచ్చే పూచీ నాది అన్నారు. ఇక్కడ అందరూ అలాగే అడుగుతారు. ఒప్పుకున్నాను. ఒప్పుకుని ఉండకూడదు."

"అయిందేదో అయింది. ఇప్పుడు ఎక్కడుంది అది?"

"ఎముకల్లోకి పోలేదు, అది అదృష్టం. రక్తపరీక్షలో ఈ జబ్బు లెక్క అప్పుడు ఇరవై నాలుగు, ఇప్పుడు ముప్పై ఎనిమిది. జబ్బు గ్రంథి కుడివైపు గోడని నెడుతోంది. నయం చెయ్యడానికి రెండు దారులున్నాయి, సీ ఫర్జానీ. ఒకటి ఆపరేషన్. గ్రంథి మొత్తం తీసేస్తాం. ఇంకోటి కిరణాలు, వాటితోపాటు ఇంజక్షన్లు."

"ఏది మంచిది?"

"ఈ రకానికి రెండూ ఇంచుమించు సమానం. మీరే ఎంచుకోవాలి."

ఫర్జానీ అతనివైపు ఎగాదిగా చూశాడు. "నాయనా, నేను చేపలు పట్టుకునేవాణ్ణి. నువ్వు ఇన్నేళ్ళు చదివింది నన్ను అడగడానికా?"

డాక్టరు నవ్వలేదు. కాగితం మీద బొమ్మ గీశాడు. కోస్తే ఒక్క రోజులో పని అయిపోతుంది. ఆ తర్వాత కొన్ని నెలలు మూత్రం ఆగదు, కారుతుంది. చాలామందికి తగ్గుతుంది, కొందరికి ఎప్పటికీ తగ్గదు. మొత్తం రాలేదనిపిస్తే తర్వాత కిరణాలు కూడా పెట్టాల్సి రావచ్చు. కిరణాలైతే కోత లేదు, నెత్తురు లేదు. కాని వారానికి ఐదు రోజుల చొప్పున ఎనిమిది వారాలు స్ఫాక్స్ రావాలి, రెండు మూడేళ్ళు ఇంజక్షన్లు పొడిపించుకోవాలి. వాటితో ఒళ్ళు ఆవిర్లెత్తుతుంది, బలం తగ్గుతుంది, మగవాడికి ఉండే కోరిక ఆరిపోతుంది. ఆ జబ్బు మళ్ళీ తిరగబడితే, కిరణాలు తగిలిన చోట కత్తి పెట్టడం చాలా కష్టం.

"కోస్తే ఆ కోరిక ఉంటుందా?"

కూతురు పక్కనే ఉందని డాక్టరు ఇబ్బంది పడ్డాడు. జలీల కిటికీలోంచి బయటికి చూసింది.

"ఆ నరాలు గ్రంథికి రెండు పక్కలా అంటుకుని ఉంటాయి. కుడివైపువి మిగల్చలేను. ఎడమవైపువి ప్రయత్నిస్తాను."

"జులైలో అయితే?"

డాక్టరు కలం మూత పెట్టాడు, తీశాడు. "జులైలో అయితే రెండు వైపులా ప్రయత్నించేవాణ్ణి."

ఫర్జానీ వెనక్కి తిరిగి చూడలేదు. నాసర్ తల వంచుకుని నేల చూస్తున్నాడు.

"మీ నాన్నకైతే ఏం చేసేవాడివి?" అని అడిగాడు ఫర్జానీ.

"నేను కోసే డాక్టర్ని. కాబట్టి కత్తే అంటాను. పక్క గదిలో కిరణాల డాక్టరమ్మ ఉంది, ఆవిడ కిరణాలు అంటుంది. ఇద్దరం నిజమే చెబుతున్నాం."

"కమ్మరిని అడిగితే ఇనుము, వడ్రంగిని అడిగితే కర్ర. మంచిది." ఫర్జానీ టోపీ చేతిలోకి తీసుకున్నాడు. "ఎప్పటిలోగా చెప్పాలి?"

"వచ్చే మంగళవారం ఆపరేషన్‌కి ఒక చోటు ఖాళీ ఉంది. గురువారంలోగా చెప్పండి. లేకపోతే అది ఇంకొకరికి పోతుంది, మళ్ళీ డిసెంబరు. ఇక ఆలస్యం మాత్రం వద్దు."

ఆ చివరి మాట ఎవరికి తగలాలో వాళ్ళకి తగిలింది.

*

తిరుగు ఓడలో బల్ల మీద ఫర్జానీ మధ్యలో, పిల్లలిద్దరూ చెరోపక్కనా కూర్చున్నారు. ఓడ రేవు వదలగానే వాదన మొదలైంది.

"కోయించడమే మేలు," అన్నాడు నాసర్. "కోశాక కిరణాలు చేతిలో ఉంటాయి. కిరణాల తర్వాత ఏముంది?"

"నీకేం, నువ్వు స్ఫాక్స్‌లో ఉంటావు," అంది జలీల. "మా అత్తగారి అన్నయ్య కోయించుకున్నాడు. మూడేళ్ళయింది, ఇప్పటికీ పసిపిల్లల్లాగా గుడ్డ కట్టుకుంటాడు. మసీదుకి రావడం మానేశాడు, పెళ్ళిళ్ళకి రావడం మానేశాడు. వాసన వస్తుందేమోనని మనవడిని కూడా ఎత్తుకోడు."

"అందరికీ అలా కాదు, డాక్టరు చెప్పాడు."

"నాన్న నమాజుకి కాళ్ళూ చేతులూ కడుక్కుని వుజూ చేసుకున్న ప్రతిసారీ నిలబడేలోపే కారి అది చెడిపోతే ఏం చేస్తాడు? సముద్రం మీద పడవల వాళ్ళందరూ నాన్నని ముందు నిలబెట్టి నమాజు చదువుతారు. రేపెవరు నిలబెడతారు?"

"జబ్బు మనిషికి వెసులుబాటు ఉంది. ప్రతి నమాజుకీ మళ్ళీ వుజూ చేసుకుంటే చాలు. ఆయన నమాజు చెల్లుతుంది."

"ముందు నిలబడటం చెల్లుతుందా?"

నాసర్ సముద్రంవైపు తిరిగాడు. దాని మీద పెద్దవాళ్ళకే ఏకాభిప్రాయం లేదు.

"అన్నీ నీకే తెలుసు," అంది జలీల. "కాగితం దాచమని ఏ పుస్తకంలో ఉందో అది కూడా చెప్పు."

"నువ్వు దాచలేదా? మీ అత్తగారితో చెప్పుకోవడానికి నోరు వచ్చింది, నాన్నతో చెప్పడానికి రాలేదు."

"దాచమన్నది నువ్వు. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నావు, కోయించు కోయించు అని."

తన శరీరంలో ఏ ముక్క ఉండాలో ఏ ముక్క పోవాలో పక్కవాళ్ళు తన మీదుగా వంగి మాట్లాడుకోవడం ఫర్జానీకి కొత్త. దీవి రేవు కనిపించాక లేచి నిలబడ్డాడు.

"జలీలా, దిగు," అన్నాడు. తర్వాత కొడుకువైపు తిరిగాడు. రెండు రోజుల్లో మొదటిసారి అతని మొహం చూశాడు. "నువ్వు దిగకు. ఇదే ఓడ అరగంటలో వెనక్కి పోతుంది. దాంట్లోనే వెళ్ళు."

"నాన్నా..."

"నా శత్రువు వచ్చి నాకు నిజం చెప్పాడు. నువ్వు నా కొడుకువి. నేను పిలిచేదాకా గడప తొక్కకు."

నాసర్ నోరు తెరిచాడు. ఏదో చెప్పబోయి, చెల్లెలివైపు చూసి, మింగేశాడు. వాహనాలు దిగిపోయాయి, మనుషులు దిగిపోయారు. ఖాళీ ఓడలో అతనొక్కడూ బల్ల మీద కూర్చుండిపోయాడు. జలీల రేవులో నిలబడి, ఓడలో అన్న మీద పెద్దగా అరిచినందుకు అప్పుడు సిగ్గుపడింది.

*

బుధవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక మబ్రూక రొట్టె, టీ ఫ్లాస్కు గుడ్డలో కట్టుకుని సముద్రంలోకి నడిచింది. పెళ్ళయిన కొత్త నుంచీ అలా వెళ్ళేది. మోకాళ్ళు అరిగిపోయాక మానేసింది. ఇవాళ బట్టలు పైకెత్తి పట్టుకుని, చల్లటి నీళ్ళలో చిన్నగా వెళ్ళింది.

ఫర్జానీ నడుములోతు నీళ్ళలో మట్టలు పాతుతున్నాడు. పాత చోటే పాతుతున్నాడు. ఖమీస్ వదిలిన మూడు బారలూ ముట్టుకోలేదు.

"చచ్చేవాడి దగ్గర తీసుకున్న మన్నింపు కనక వాడు ఆ మూడు బారలూ ఇచ్చాడు," అన్నాడు ఆమె అడగకుండానే. "నేను బతికితే మళ్ళీ అడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవ."

పడవ అంచు మీద గుడ్డ విప్పి ఆమె రొట్టె తుంచి ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత ఆయన మొదటిసారి ఇంటి రొట్టె తిన్నాడు. మబ్రూకకి కళ్ళు నిండాయి, అటు తిరిగి టీ పోసింది.

"రేపు గురువారం," అంది.

"తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. కోయించుకుంటే కారుతుందంట. ఇలా నీళ్ళలో నిలబడేవాడికి కారితే ఎవడికి తెలుస్తుంది? చేపలకి తప్ప." తనే నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "ఒడ్డుకి వస్తేనే చిక్కు."

"కిరణాలకైతే రోజూ ఓడ."

"ఎనిమిది వారాలు. ఇంజక్షన్లేమో మూడేళ్ళు. మొన్న ఆ గదిలో ఒకణ్ణి చూశాను, నా వయసువాడే. ఆడవాళ్ళలాగా ఒళ్ళంతా ఆవిర్లని విసనకర్రతో విసురుకుంటున్నాడు." టీ తాగి గ్లాసు నీళ్ళలో కడిగాడు. "ఎటు పోయినా నీ మొగుడు సగమే మిగులుతాడు, మబ్రూకా."

"ఆ సగం ఎవరికి కావాలి, నాకేగా. నాకు చాలు."

ఆయన ఆమెవైపు చూశాడు. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో వాళ్ళు ఆ విషయం పగటిపూట మాట్లాడుకోలేదు. ఇద్దరికీ సిగ్గు వేసింది, ఇద్దరూ కంచెవైపు చూశారు.

"నువ్వు చెప్పు," అన్నాడు ఫర్జానీ.

"ఏంటి?"

"కత్తా, కిరణాలా. నువ్వు చెప్పు. నాసర్‌కి నేను బతకాలి, లేకపోతే వాడి పాపం వాణ్ణి తినేస్తుంది. జలీలకి నేను మసీదుకి వెళ్ళాలి, లేకపోతే అత్తింట్లో తలెత్తుకోలేదు. డాక్టరుకి వాడి కత్తి ముద్దు. ప్రతివాడికీ ఏదో ఒకటి కావాలి." ఒక మట్ట ఎత్తి మళ్ళీ పడవలో పెట్టేశాడు. "ఈ ఇంట్లో నాకు అబద్ధం చెప్పనిది నువ్వొక్కదానివే. నువ్వేదంటే అది. రేపు పొద్దున్న వెళ్ళి ఆ మాటే చెబుతాను."

కోయించుకో, అన్న మాట మబ్రూక నాలుక మీదే ఉంది. మూడు రోజులుగా ఆమె ఆలోచించింది అదే. కారితే కారనీ, తను ఉతుకుతుంది. నమాజు వెనక వరసలో చదివితే చదవనీ. తర్వాత కిరణాల దారి తెరిచే ఉంటుంది, మనిషి కళ్ళ ముందుంటాడు. ఒక్క మాట అంటే చాలు, అయిపోతుంది.

అనలేకపోయింది. ఆయన అడుగుతున్నది అబద్ధం చెప్పని మనిషిని, ఆ మనిషి తను కాదు.

"దాచమన్నది నేనే," అంది.

ఫర్జానీకి అర్థం కాలేదు. "ఏంటి దాచడం?"

"కాగితం. జులైలో వాడు ఆ కాగితం పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చాడు. నాన్నకి చెప్పేద్దాం అమ్మా, ధైర్యం గల మనిషి, తట్టుకుంటాడు అన్నాడు. నేనే వద్దన్నాను. వాడి చెయ్యి నా నెత్తిమీద పెట్టించుకుని ఒట్టు వేయించుకున్నాను." అన్నాళ్ళూ లోపల కూడబెట్టుకున్న మాటలు కనక వరసగా వచ్చాయి. "మా నాన్న నీకు తెలుసుగా. 'అది' వచ్చిందని చెప్పిన రోజు గోడవైపు తిరిగి పడుకున్నాడు, పదకొండు రోజులు ఇటు తిరగలేదు, అలాగే పోయాడు. నువ్వూ అలాగే తిరుగుతావని భయపడ్డాను. నీ మొహం నాకు కనిపించదని భయపడ్డాను."

నీళ్ళు తీస్తున్నాయి. కంచె మట్టల మధ్య నుంచి సన్నగా చప్పుడవుతోంది.

"ఆదివారం వాడు అంతా నేనే అన్నప్పుడు నువ్వు పళ్ళెం తీసుకుని వెళ్ళావు," అన్నాడు ఫర్జానీ నెమ్మదిగా.

"వెళ్ళాను."

"వాణ్ణి ఓడలో వదిలేసి వచ్చానని జలీల చెప్పినప్పుడు నువ్వు పిండి కలుపుతున్నావు."

"కలుపుతున్నాను. నన్ను తిట్టు, కొట్టు. వాణ్ణి మాత్రం పిలు."

ఆయన తిట్టలేదు. మట్ట తీసుకుని గుంటలో నిలబెట్టాడు, తాడు చుట్టి ముడి బిగించాడు. రెండోది నిలబెట్టాడు. ఆమె బట్టలు ఎత్తి పట్టుకోవడం మరిచిపోయింది, నడుందాకా తడిసిపోయాయి.

"ఏదైనా అను," అంది.

"రేపు ఎనిమిదింటి ఓడకి వెళ్తాను. ఒక్కణ్ణే."

"అక్కడ రేవులో నాసర్ ఉంటాడు, రమ్మని కబురు పెడతాను."

"ఒక్కణ్ణే అన్నాను."

"సరే, ఒక్కడివే వెళ్ళు. ఏది ఒప్పుకుంటావో అది మాత్రం నాకు చెప్పి వెళ్ళు. కోయించుకుంటావా, కిరణాలా? అంతవరకు చెప్పు, ఇంకేం అడగను."

ఫర్జానీ తాడు కొస పళ్ళతో కొరికి తెంపాడు.

"ఖమీస్‌కి తెలిశాక," అన్నాడు, "నీకూ తెలుస్తుంది."